పక్షిశాలలో విద్యార్థి శిక్షణ

వైద్యవిద్య చదివిన విద్యార్థి హౌస్ సర్జన్‌గా ఆసుపత్రిలో పని చేయనిదే వైద్యుడు కాజాలడన్న సంగతి అందరికీ తెలిసినదే. పుస్తకంలో చదివిన నాడి వేరు, రోగి మణికట్టుపై వ్రేళ్లు ఆనించి తెలుసుకున్న నాడి వేరు. మన పెద్దలు ఈ విధమైన చదువును గురుశుశ్రూష అన్నారు. ఉస్తాదు వద్ద శాగిర్దుగా చేరడమన్నారు. ఈ కాలంలో దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు. ఆసుపత్రులలో, కర్మాగారాలలో, న్యాయవాదుల కార్యాలయాలలో ఉన్నట్లే, పక్షులను పెంచి ప్రదర్శించే పక్షిశాలలలోనూ విద్యార్థులకు ఇట్టి శిక్షణ ఉన్నదని మనలో చాలమందికి తెలియదు. ఆ శిక్షణలో విద్యార్థి చేసే పని ఏమి, దాని వెనుకనున్న శాస్త్రమేమి, దానివలన విద్యార్థికి గాని పక్షికి గాని కలిగే మేలేమి అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పక్షిశాలలు

సాధారణ జంతుప్రదర్శనశాలలో పులికి, ఏనుగుకు దక్కిన గౌరవం పక్షికి దక్కదు. పక్షులకే ప్రత్యేకించిన ప్రదర్శనశాలలు ప్రపంచంలో కొన్ని మాత్రమే ఉన్నవి. జర్మనీలోని వాల్స్‌రోడ్ పక్షి ఉద్యానం 1962లో ఏర్పడినది. సింగపూరులో 1971లో ప్రారంభమైన జురాంగ్ పక్షి ఉద్యానం 2023 జనవరిలో మూతపడగా, అందలి పక్షులు మండాయి ప్రాంతంలో అదే సంవత్సరం తెరచిన బర్డ్ ప్యారడైజ్‌కు తరలినవి. అమెరికాలోని సాల్ట్ లేక్ నగరంలో ట్రేసీ పక్షిశాల 1938 నాటిది.

అమెరికాలోనే పిట్స్‌బర్గ్ నగరంలోని నేషనల్ ఏవియరీ చరిత్ర తెలుసుకోదగినది. 1952లో నగరపాలక సంస్థ దీనిని ప్రారంభించినది. 1991లో ఖజానా క్షీణించి పక్షిశాలను మూసివేయడానికి నగరం సిద్ధపడగా, పౌరులే సంఘంగా ఏర్పడి దానిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1993లో అది జాతీయ పక్షిశాలగా గుర్తింపు పొందినది. నేడు అక్కడ సుమారు 150 జాతులకు చెందిన 500కు పైగా పక్షులున్నవి. పక్షి సంరక్షణ, బోధన వంటి శాఖలలో కళాశాల విద్యార్థులు కొన్ని వారాలో, కొన్ని నెలలో శిక్షణ పొందుతారు. కొద్దిపాటి తేడాలున్నా ఇట్టి శిక్షణ తీరు అన్నిచోట్ల ఒకటే.

ఉదయపు హాజరు

సులేమాన్ ప్రవక్త పక్షులను పరికించి, హుద్‌హుద్ కనబడదేమని ప్రశ్నించిన వృత్తాంతం ఖురాన్‌లో ఉన్నది. తలపై విసనకఱ్ఱ వలె విచ్చుకునే జుట్టుగల ఆ పిట్ట మన పొలాలలోనూ కనబడుతుంది. పక్షిశాలలో శిక్షణార్థి మొదటి పని సరిగా అదే. తెల్లవారగానే ప్రతి ఆవరణలోని పక్షులను లెక్కించాలి. లెక్క సరిపోయినదని వెంటనే చీపురు పట్టుకొని లోనికి పోరాదు. వెలుపల కొన్ని నిమిషాలు కదలక నిలిచి చూడాలి. ఏ పక్షి ఏ కొమ్మపై ఉన్నది? ఏది ఈకలు ఉబ్బించుకొని ముడుచుకొని కూర్చున్నది? ఏ పక్షి తోక ఊపిరితోబాటు ఎగిరెగిరి పడుతున్నది? నిన్న జంటగా ఉన్నవి నేడు దూరంగా ఎందుకున్నవి?

ఇంత జాగ్రత్తకు కారణమున్నది. అడవిలో నీరసించిన పక్షిపైనే డేగ కన్ను ముందుగా పడుతుంది. అందువలన పక్షి తన జబ్బును శక్తి ఉన్నంతవరకు దాచుకుంటుంది. అది కొమ్మమీదనుండి క్రింద పడేనాటికి చికిత్సాకాలం తరచు మించిపోతుంది. కనుక పక్షి చెప్పనిదానిని త్రాసు చేత చెప్పించాలి. పురుగునో పండుముక్కనో ఆశచూపి, పక్షి తనంత తానుగా త్రాసుపై నిలిచేటట్లు అలవాటు చేస్తారు. చేతులతో పట్టుకుంటే అది బెదురుతుంది. ఆ బెదురే ఒక జబ్బుకు సమానం. పది గ్రాముల పిట్ట ఒక గ్రాము తగ్గినదంటే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్లు లెక్క. శిక్షణార్థి వ్రాసే ఆ చిన్న అంకెను చూచియే వైద్యుడు రావలెనో అక్కరలేదో నిర్ణయిస్తారు.

రెట్టను పరిశీలించడం మరొక పాఠం. పక్షి రెట్టలో మలం, తెల్లని సున్నం వంటి మూత్రలవణాలు, నీరు అనే మూడు భాగాలున్నవి. వీటిలో ఏది రంగు మారినా, ఏది హెచ్చినా తగ్గినా దానికొక అర్థమున్నది. పరీక్షలకు విసర్జనవ్యవస్థ చదివిన విద్యార్థికి ఆ పాఠం ఇక్కడ మొదటిసారి కళ్లకు కట్టుతుంది.

చీపురులోని శాస్త్రం

శిక్షణార్థి కాలంలో అధికభాగం ఊడ్చుట, కడుగుట, తొట్లు తోముట అనే పనులకే పోతుంది. బి.యస్‌సి. చదివి చీపురు పట్టుటయా అని మన విద్యార్థి అనుకోవచ్చును. అయితే ఈ ఊడ్పు వెనుక సూక్ష్మజీవశాస్త్రమంతా ఉన్నది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తడిసిన గడ్డిలో, మ్రగ్గిన ధాన్యంలో పెరిగి, గాలిలో తేలి పక్షుల ఊపిరితిత్తులను, గాలితిత్తులను పట్టుకుంటుంది. పెంగ్విన్లకు అది ప్రాణాంతకం. చిలుకలలో కనబడే సిట్టకోసిస్ అనే జ్వరం మనుషులకు కూడ అంటుకుంటుంది.

అందుచేత పనికి ఒక వరుస ఉన్నది. ముందు పసి పక్షులు, తరువాత ఆరోగ్యంగా ఉన్న పెద్ద పక్షులు, చిట్టచివర రోగపక్షులు. ఈ వరుసను తలక్రిందులు చేస్తే రోగాన్ని మోసుకుపోయేవాడు సేవకుడే అవుతాడు. కొన్ని ఆవరణల గుమ్మంలో క్రిమిసంహారక ద్రవం నింపిన పళ్లెంలో బూట్లు ముంచి లోనికి పోవాలి. క్రొత్తగా వచ్చిన పక్షిని సాధారణంగా 30 రోజులైనా వేరుగా ఉంచి, పరీక్షలు పూర్తయిన తరువాతనే తక్కినవాటితో కలుపుతారు. 2022లో బర్డ్ ఫ్లూ అమెరికా అంతటా వ్యాపించినప్పుడు అనేక ప్రదర్శనశాలలు ఆరుబయట ఉన్న పక్షులను లోపలికి తరలించినవి. ఆ రోజులలో ఒక జత మురికి బూట్లు ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

వంటయిల్లు

పక్షిశాలలో అన్నిటికంటె రద్దీగా ఉండే చోటు వంటయిల్లు. తేనెపట్టు వలె అక్కడ ఉదయం నుండి పనియే. పండ్లు తరుగుట, చేపలు కరిగించుట, పురుగులు లెక్కించుట, గింజలు తూచుట. ప్రతి జాతికి వేర్వేరు పట్టిక గోడమీద ఉంటుంది. ఆ పట్టికలోని ప్రతి పంక్తికి ఒక కారణమున్నది.

గోరువంక జాతులలోను, పెద్దముక్కుగల టూకాన్లలోను కాలేయంలో ఇనుము పేరుకొని ప్రాణాపాయం కలిగించే వ్యాధి ఉన్నది. కాబట్టి వాటికి ఇనుము తక్కువగల ఆహారమిస్తారు. నారింజ, నిమ్మ జాతి పండ్లను పెట్టరు. పుల్లని పండ్లలోని సి విటమిను ఇనుమును మరింతగా ఒంటికి పట్టిస్తుంది. మనకు మేలు చేసేదే వాటికి కీడు చేస్తుందన్నమాట. మంచులో నిలువ చేసిన చేపలలో బి1 విటమిను నశిస్తుంది గనుక పెంగ్విన్లకు చేపతోబాటు ఆ విటమిను మాత్ర నిస్తారు. ఫ్లెమింగో పక్షుల గులాబి రంగు ఆహారంలోని కెరోటినాయిడ్ల వలన వచ్చినది; ఆ పదార్థాలు లోపిస్తే క్రొత్తగా వచ్చే ఈకలు వెలవెలబోతాయి. అవకాడో పండు పక్షులకు విషం.

సాయంకాలం మిగిలిన ఆహారాన్ని మరల తూచాలి. పెట్టినదానినుండి మిగిలినదానిని తీసివేస్తే తిన్నది తెలుస్తుంది. ఈ చిన్న తీసివేత చేయని పక్షిశాలలో పక్షి పస్తున్న సంగతి మూడవనాటికి గాని బయటపడదు.

వ్రాతలో నిజాయితీ

ప్రతి పక్షి కాలికి ఒక కడియం ఉంటుంది. దానిపై అంకె, రంగు, కుడి ఎడమల భేదం కలిసి ఆ పక్షి చిరునామా అవుతాయి. అనేక జాతులలో ఆడమగ భేదం కంటికి కనబడదు. ఈకనుండియో, నెత్తుటి బొట్టునుండియో డి.ఎన్.ఎ. పరీక్ష చేసి నిర్ణయిస్తారు.

శిక్షణార్థికి ఒక పట్టిక ఇచ్చి ఒక పక్షి ఎదుట కూర్చుండబెడతారు. తినుట, ఎగురుట, ఈకలు దువ్వుకొనుట, పోట్లాడుట, నిదురించుట అని గళ్లుంటాయి. నిమిషానికొకసారి పక్షి ఏమి చేస్తున్నదో ఆ గడిలో గుర్తు పెట్టాలి. పక్షి సంతోషంగా ఉన్నదని వ్రాయరాదు. ఎన్ని నిమిషాలు స్నానం చేసినదో వ్రాయాలి. చూచినది వేరు, ఊహించినది వేరు అన్న వివేకం ఇక్కడ అలవడుతుంది.

ఇది పాశ్చాత్యుల క్రొత్త విద్య కాదు. మొగలు చక్రవర్తి జహంగీర్ తాను పెంచిన సారస పక్షుల జంటకు లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి, అవి జతకూడినది మొదలు గుడ్లు పెట్టి పొదిగినవరకు తన ఆత్మకథలో శ్రద్ధగా నమోదు చేశాడు. రాత్రి ఆడపక్షి గుడ్లపై కూర్చుండగా మగపక్షి ప్రక్కనే మేల్కొని కావలి ఉండుటను కూడ అతడు వదలలేదు. రాజ్యభారం మోయువానికి దొరికిన తీరిక, మన ప్రాక్టికల్ రికార్డును పక్కవాని పుస్తకం చూచి నింపే విద్యార్థికి ఎందుకు దొరకదో ఆలోచించదగినది.

గుడ్డు నుండి ఎగురువరకు

కొంత అనుభవం వచ్చిన శిక్షణార్థిని పొదుగుగదికి అనుమతిస్తారు. తల్లి పొదగలేని గుడ్లను యంత్రంలో సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచుతారు. గూటిలో తల్లి గుడ్లను ముక్కుతో దొర్లించినట్లే యంత్రంలోనూ వాటిని త్రిప్పుతుండాలి. లేకున్న పిండం పెంకులోని పొరకు అంటుకుంటుంది. గుడ్డును దీపపు కాంతికి ఎదురుగా పట్టి చూస్తే ఎఱ్ఱని రక్తనాళాలు సాలెగూడు వలె కనబడతాయి. గుడ్డులోని నీరు క్రమంగా ఆవిరి కావాలి. సామాన్యంగా పిల్ల బయటపడేలోగా బరువు నూటికి 12 నుండి 15 వంతులు తగ్గుతుంది. తూకం తగ్గకున్నా, మరీ తగ్గినా గదిలోని తేమను సవరిస్తారు.

పిల్ల పుట్టిన తరువాత మరొక చిక్కు. కొన్ని జాతుల పిల్లలు కళ్లు తెరవగానే కనబడినదానినే తల్లిగా భావిస్తాయి. కాన్రాడ్ లోరెంజ్ వెంట బాతుపిల్లలు నడచిన ఉదంతం జీవశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. మనిషిని తల్లిగా ఎంచిన పక్షి పెరిగి పెద్దదైన తరువాత తన జాతి పక్షితో జతకూడక పోవచ్చును. కాబట్టి కాలిఫోర్నియా కాండర్ అనే రాబందు పిల్లలకు కాండర్ తల ఆకారంలో చేసిన తొడుగును చేతికి వేసుకొని ఆహారమందించారు. ఒక ప్రాణిని ప్రేమించడమంటే కొన్నివేళల దానికి కనబడకుండా ఉండడమే.

జెర్సీ నుండి మారిషస్‌కు

ఈ శిక్షణ ఫలితాన్ని చూడవలెనంటే మారిషస్ ద్వీపానికి పోవాలి. ఆంధ్రదేశంనుండి కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన మన తెలుగువారి సంతతి నేటికీ నివసించే ఆ ద్వీపమే డోడో పక్షికి పుట్టినిల్లు. ఎగురలేని ఆ పక్షి 17వ శతాబ్దంలో మానవుల చేతను, వారు తెచ్చిన జంతువుల చేతను నశించినది. జహంగీర్ ఆస్థాన చిత్రకారుడైన ఉస్తాద్ మన్సూర్ గీసినదని భావించే డోడో చిత్రం ఒకటి మిగిలియున్నది.

ఆంగ్ల రచయిత జెరాల్డ్ డరెల్ యౌవనంలో విప్స్‌నేడ్ జంతుప్రదర్శనశాలలో శిక్షణార్థిగా పనిచేసినవాడే. 1959లో జెర్సీ ద్వీపంలో సొంతంగా ప్రదర్శనశాల నెలకొల్పి, దాని సంస్థకు డోడోనే చిహ్నంగా ఉంచాడు. నశిస్తున్న జాతుల స్వదేశాలనుండి యువకులను రప్పించి అక్కడ పని నేర్పించాడు. 1977లో వచ్చిన మొదటి శిక్షణార్థి మారిషస్‌వాసి యూసుఫ్ ముంగ్రూ. తరువాతి కాలంలో ఆయన మారిషస్ మొదటి జాతీయోద్యానమైన బ్లాక్ రివర్ గార్జెస్‌కు తొలి డైరెక్టరు అయినారు.

1974లో మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలు అడవిలో నాలుగు మాత్రమే కనబడినవి. 1979లో అక్కడికి వచ్చిన కార్ల్ జోన్స్ వాటి మొదటి విడత గుడ్లను తీసి యంత్రంలో పొదిగించగా, ఆ పక్షులు మరల గుడ్లు పెట్టినవి. ఒక కాపుకు బదులు రెండు కాపులు వచ్చినవి. 1994 నాటికి 300కు పైగా పక్షులను అడవిలో విడిచిపెట్టారు. 1990 ప్రాంతంలో పది మాత్రమే మిగిలిన గులాబి పావురాలు నేడు వందలలో ఉన్నవి. త్రాసు, దీపం, చీపురు, నోటుబుక్కు - ఈ నాలుగు సాధనాలతోనే ఈ పని మొదలైనది.

పంజరాన్ని గూర్చిన ప్రశ్న

ఎగిరే ప్రాణిని బంధించడం న్యాయమా అని సహృదయులు అడుగుతారు. ఆ ప్రశ్న అడుగని విద్యార్థి పక్షిశాలకు పోకపోవడమే మంచిది. కేవలం కాలక్షేపానికి పక్షిని బంధించడం తప్పే. కాని గ్వామ్ ద్వీపంలో జరిగినది కూడ తెలుసుకోవాలి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఓడల సరుకుతో వచ్చిన ఒక చెట్టుపాము అక్కడి పక్షులను తుడిచిపెట్టినది. సిహెక్ అనే లకుముకి జాతి పక్షులు 29 మాత్రమే 1980లలో పట్టుబడి అమెరికా ప్రదర్శనశాలలకు చేరినవి. 1988 తరువాత అడవిలో అది ఒక్కటీ లేదు. దాని ఉనికి అంతా పంజరాలలోనే. ఆ 29 పక్షుల సంతతినుండి 2024లో తొమ్మిది పక్షులను పసిఫిక్ మహాసముద్రంలోని పల్‌మైరా దీవిలో విడిచారు. పంజరానికి తలుపున్నది లోనికి త్రోయడానికి మాత్రమే కాదు, ఒకనాడు తెరవడానికి కూడ అని నమ్మిన పక్షిశాలకే విద్యార్థి సేవ అందవలెను.

మన నేలపై

మన దేశపు పక్షిశాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడైన సలీం అలీ విశ్వవిద్యాలయ పట్టం లేనివాడు. బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరరుగా పనిచేసి, బెర్లిన్ వెళ్లి ఎర్విన్ స్ట్రేజ్‌మన్ వద్ద శిష్యరికం చేశాడు. తిరిగివచ్చేసరికి తన ఉద్యోగమే రద్దయినది. ఆ నిరుద్యోగకాలంలోనే కిహిం గ్రామంలో గిజిగాడు గూళ్లను పరిశీలించి, మగపక్షి గూడు అల్లడం, ఆడపక్షి వచ్చి పరీక్షించి నచ్చితేనే కాపురానికి ఒప్పుకోవడం, ఆ మగపక్షి మరల ఇంకొక గూడు ప్రారంభించడం వెల్లడించాడు. 1931-32లో హైదరాబాదు సంస్థానమంతటా తిరిగి పక్షుల సర్వే చేశాడు.

1900 తరువాత ఎవరూ చూడక, నశించినదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా పొదలలో బయటపడినప్పుడు, దానిని కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు తోడ్పడినది స్థానిక వేటగాండ్ర జ్ఞానమే. పక్షిని గూర్చిన విద్య పట్టభద్రుల వద్దనే ఉండదనుటకు ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

హైదరాబాదులో మీర్ ఆలం చెరువు ప్రక్కన 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నది. విశాఖపట్నంలో, తిరుపతిలో అట్టివే ఉన్నవి. పశువులకిచ్చిన డైక్లోఫినాక్ మందు వలన కళేబరాలు తిన్న రాబందులు దేశమంతటా కూలిపోగా, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రాబందుల సంరక్షణకు, పెంపకానికి ఎంపికైన ప్రదర్శనశాలలలో హైదరాబాదుది ఒకటి. నేర్చుకోదలచినవారికి నేర్చుకొనుటకు చోటు దూరంలో లేదు.

కళాశాల చేయదగినది

అమెరికాలో ఇట్టి శిక్షణలు చాలకాలం వేతనం లేకనే సాగినవి. అందువలన ఇంటివద్ద కలిమి ఉన్నవారే వాటిలో చేరగలిగినారు. ఇటీవల కొన్ని సంస్థలు భత్యం ఇస్తున్నవి. మన కళాశాల విద్యార్థులలో వేసవి సెలవులలో కూలికో, కొట్టులో పనికో పోయి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చేవారు తక్కువ కాదు. అట్టివారిని నాలుగు వారాలు ఉచితంగా పనిచేయుమనుట, చేయవద్దనుటతో సమానం. ప్రతి సంవత్సరం నలుగురు విద్యార్థులకు, వారిలో ఇద్దరు విద్యార్థినులకు, బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం, పోయిన కూలికి బదులు కొంత భత్యం ఇచ్చుటకు కమిటీ వారు పూనుకొని, జంతుప్రదర్శనశాల క్యూరేటరుకు ప్రిన్సిపాలు ద్వారా లేఖ వ్రాయవలెనని మనవి. ఒక ప్రయోగశాల పరికరానికయ్యే వ్యయంకంటె ఇది ఎక్కువ కాబోదు.

అట్లు వెళ్లినవారు తిరిగివచ్చి తమ నోటుబుక్కును గ్రంథాలయానికి అప్పగించాలి. అందులో పక్షుల పేర్లు రెండు భాషలలోనూ ఉండాలి. గోరువంకను ఉర్దూలో మైనా అంటారు, పిగిలిపిట్ట బుల్‌బుల్, గువ్వ ఫాఖ్తా. ఇంటిలోని ముసలివారిని అడిగితే ఇంకెన్నో పేర్లు దొరుకుతాయి. అడిగేవారు లేక ఆ పేర్లు కూడ పక్షులవలెనే ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నవి.

విద్యార్థి మిత్రులారా! అనుమతులు వచ్చేవరకు ఆగవలసిన పని లేదు. రేపు ఉదయం కళాశాల ఆవరణలోని వేపచెట్టు క్రింద పది నిమిషాలు నిలువుడు. ఎన్ని పక్షులున్నవో లెక్కించుడు. తేదీ, వేళ వేసి, చూచినదే వ్రాయుడు. ఎల్లుండి మరల అదే చోట అదే వేళకు లెక్కించుడు. హాజరులో ఎవరు లేరో అప్పుడు మీకే తెలుస్తుంది.